పదో తరగతి చదివే మా వాడితో వేప్ గురించి మాట్లాడిన నా అనుభవం

జూలై 18, శుక్రవారం మధ్యాహ్నం స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. "రేపు పదింటికి అమ్మానాన్నా ఇద్దరూ రండి, బాబు చదువు విషయం కాదు" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు. ఆ రాత్రి మా ఆయనకీ నాకూ నిద్ర లేదు. వాడు మాత్రం అన్నం సగంలో వదిలేసి, టెస్ట్ ఉందంటూ గది తలుపు వేసుకున్నాడు.

మర్నాడు వెళ్ళేసరికి ఇంకో నలుగురు పిల్లల తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. టేబుల్ మీద జిప్ కవర్‌లో ఒక లేత ఆకుపచ్చ ప్లాస్టిక్ వస్తువు. వేప్ అంటే అదే, బ్యాటరీతో పనిచేసే ఈ-సిగరెట్. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. నోట్లో పెట్టుకునే కొస చదునుగా, కింద ఫోన్ ఛార్జర్ పట్టే సి-టైప్ రంధ్రం, పక్కన చిన్న తెర మీద ఇంకా ఎంత మిగిలిందో చూపించే అంకె. కవర్ తెరవగానే మామిడి జ్యూస్ వాసన వచ్చింది. నాకైతే పవర్ బ్యాంక్ అనిపించింది. రోజూ నా కళ్ళ ముందే ఛార్జింగ్‌లో పెట్టినా అనుమానం వచ్చేది కాదు. అది దొరికింది వేరే అబ్బాయి బ్యాగులో. అందరూ కలిసి డబ్బులు వేసుకుని కొన్నారని, మా వాడి పేరు కూడా అందులో ఉందని చెప్పారు. ఇంకోసారి దొరికితే టీసీ ఇచ్చేస్తామని మా చేత సంతకం పెట్టించుకున్నారు. "ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడండి" అని పంపించేశారు. ఏం మాట్లాడాలో, ఎలా మొదలుపెట్టాలో అక్కడెవరూ చెప్పలేదు. ఈ ఆరు నెలల్లో మేం తెలుసుకున్నది ఇంకో ఇంటికి పనికొస్తుందనే ఇదంతా రాస్తున్నాను.

ఇంటికొచ్చే దారిలో మా ఆయన కోపం చూస్తే కొట్టేస్తారేమో అనుకున్నాను. కారులోనే ఇద్దరం రెండు మాటలు అనుకున్నాం. చెయ్యి చేసుకోకూడదు. "ఎవరు నేర్పారు, ఎవరు తెచ్చారు" అని అడగకూడదు. ఆ రెండోది ఎందుకంటే, ఆ ప్రశ్న స్కూల్ వాళ్ళు అప్పటికే వాడిని పదిసార్లు అడిగి ఉంటారు. మనమూ అదే అడిగితే వాడి బుర్రంతా స్నేహితుల్ని కాపాడుకోవడం మీదే ఉంటుంది, తన సంగతి మాట్లాడడు. ఆ రోజు వాడితో "తెలిసింది, రేపు సాయంత్రం మాట్లాడుకుందాం" అని మాత్రం చెప్పాను. వాడి మొహంలో అప్పటిదాకా ఉన్న బిగువు కొంచెం సడలింది.

శనివారం రాత్రి, ఆదివారం పొద్దున కూర్చుని చదివాను. పొగ ఊపిరితిత్తులకి చెడు అన్న సంగతి వాడికి మూడో తరగతి నుంచే తెలుసు, అది చెబితే సరిపోదనిపించింది. నేను తెలుసుకోవాలనుకున్నది, ఆ ఆకుపచ్చ డబ్బాలో ఏముంది అని. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవర్, నికోటిన్. లోపల తీగ చుట్ట వేడెక్కి ఆ ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆ తీగ నుంచి నికెల్, క్రోమియం, సీసం లాంటి లోహాలు కూడా కొద్దికొద్దిగా ఆవిరిలో కలుస్తాయి. ఇప్పుడొచ్చే వాటిలో నికోటిన్‌ని సాల్ట్ రూపంలో వాడుతున్నారు. దానికి బెంజోయిక్ యాసిడ్ లాంటిది కలపడం వల్ల గొంతులో మంట తగ్గుతుంది. మా నాన్నగారి తరంలో మొదటి సిగరెట్‌కి దగ్గొచ్చి, కళ్ళమ్మట నీళ్ళొచ్చి కొంతమంది పిల్లలు అక్కడే మానేసేవారు. ఇక్కడ ఆ దగ్గు లేదు. ఒంట్లోకి నికోటిన్ ఎక్కుతున్నా శరీరం వద్దని చెప్పదు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఇక్కడే.

ఆదివారం సాయంత్రం వాడూ నేనూ కారులో అమీన్‌పూర్ చెరువు దాకా వెళ్ళాం. ఫోన్లు ఇంట్లోనే పెట్టేశాం. కట్ట పక్కన ఆపి కారులోనే కూర్చున్నాం. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుని మాట్లాడితే ఈ వయసు పిల్లలకి తేలిక. మా వాడు ఎప్పుడూ అంతే, ట్యూషన్ నుంచి తీసుకొచ్చేటప్పుడు కారులోనే నోరు విప్పుతాడు.

"అది సిగరెట్ కాదమ్మా, నీళ్ళ ఆవిరి. ఫ్లేవర్ అంతే" అన్నాడు మొదట.

"నీళ్ళు లేవు నాన్నా అందులో. ఏమున్నాయో చెప్పనా?"

చెప్పాను. తీగ, లోహాలు, సాల్ట్ నికోటిన్, అన్నీ. వాడు మధ్యలో అడ్డుపడి, "అమెరికాలో ఊపిరితిత్తులు పోయి చనిపోయారని చెబుతావ్ కదా? నేను చూశాను. అది గంజాయి ఆయిల్ వల్ల" అన్నాడు. 2019 నుంచి 2020 ఫిబ్రవరి దాకా అమెరికాలో వేప్ పీల్చి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాడన్నది చాలావరకు నిజమే. ఎక్కువ కేసులకి కారణం గంజాయి సరుకులో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అని తేలింది. "నువ్వన్నది కరెక్టే" అన్నాను. "మరి ఇక్కడ మీరు కొన్నదాంట్లో ఏం కలిపారో చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మన దేశంలో దీన్ని తయారుచేయకూడదు, తేకూడదు, అమ్మకూడదు. అంటే దొంగసరుకు. దాని మీద రాసినదానికి ఎవడు పూచీ?" దానికి వాడి దగ్గర జవాబు లేదు. ఈ పిల్లలు మనకంటే ముందే అన్నీ వెతికి చూసి ఉంటారు. ఒక్కటి పెంచి చెప్పామా, మిగతా నిజాలు కూడా నమ్మరు.

ఆ తర్వాత అడిగాను. "పొద్దున లేవగానే కావాలనిపిస్తుందా?"

చాలాసేపు కిటికీ బయటికి చూసి, "బ్రష్ చేసుకునే ముందే" అన్నాడు.

నా గుండె జారిపోయింది. సరదా దాటి అవసరం అయిపోయిందన్నమాట. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి పీల్చేవాడట. ఇంటర్వెల్‌కీ ఇంటర్వెల్‌కీ మధ్య క్లాసులో కాలు ఆడిస్తూ గడియారం చూసేవాడట. "మానేద్దామని ఎప్పుడైనా అనుకున్నావా?" అంటే, పోయిన పరీక్షలప్పుడు అనుకున్నానని, రెండో రోజుకే తలనొప్పి వచ్చి మళ్ళీ మొదలుపెట్టానని చెప్పాడు. ఊపిరితిత్తుల గురించి నేను చెప్పిందంతా ఒకెత్తు, ఈ మాట తన నోటితో తను అనడం ఒకెత్తు. అప్పటిదాకా వాడు తనకి తాను కూడా ఆ మాట చెప్పుకోలేదు.

ఇంటికొచ్చాక లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో వాడే లెక్క వేశాడు. డబ్బా మీద నికోటిన్ 5% అని ఉంటుంది. అంటే మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు. పది మిల్లీలీటర్లు పట్టే డబ్బాలో 500. ఒక సిగరెట్ నుంచి ఒంట్లోకి ఎక్కేది ఒకటి, రెండు మిల్లీగ్రాములు. డబ్బాలో ఉన్నదంతా ఒంటికెక్కదు, చాలావరకు బయటికే పోతుంది. అయినా ఆ 500 కింద గీత గీసి చాలాసేపు చూశాడు. మర్నాడు పొద్దున తన షటిల్ రాకెట్ కవర్ జిప్ తీసి ఇంకో డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంట్లో రెండోది ఉందని నాకు తెలియనే తెలియదు.

దాన్ని ఏం చేయాలన్నది నేను ఊహించని చిక్కు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి చెత్తబుట్టలో వేయకూడదు, పగలగొట్టకూడదు, కాల్చకూడదు. ద్రవం చేతికి అంటుకుంటే నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మా పాప ఆరో తరగతి, ఎదురింట్లో రెండేళ్ళ బుడ్డోడు ఎప్పుడూ మా ఇంట్లోనే ఆడుకుంటాడు. టేప్ చుట్టి పైన అటక మీద పెట్టి, మా ఆయన ఆఫీసులో ఈ-వేస్ట్ డబ్బా ఉంటే అందులో వేయించాం.

పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ ఆ వారం దొరకలేదు. జూలై 30 సాయంత్రం ఇచ్చారు. ఓపీ 800 రూపాయలు, గంటకు పైగా కూర్చున్నాం. లోపలికి వెళ్ళిన కాసేపటికి డాక్టరు గారు నన్ను బయటికి వెళ్ళమన్నారు. బాబుతో ఒంటరిగా మాట్లాడాలట. తల్లిని బయటికి పంపడమేమిటని మొదట కష్టంగా అనిపించింది. కానీ నాకు చెప్పనివి, ఎన్నిసార్లు పీలుస్తాడు, ఇంకేమైనా కలిపారా, అన్నీ ఆవిడకి చెప్పాడట. చిన్నప్పుడు వాడికి పిల్లికూతలు వచ్చేవి, నెబులైజర్ పెట్టేవాళ్ళం. అందుకని ఎక్స్‌రే తీయమని నేను అడిగితే అక్కర్లేదని, స్పైరోమెట్రీ చేయించమన్నారు. గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష అది, 1,200 అయింది. మామూలుగానే వచ్చింది. నేను అక్కడే ఏడ్చేశాను.

మా ఆయన యూరిన్ టెస్ట్ గురించి అడిగారు. నికోటిన్ ఒంట్లో కొటినిన్‌గా మారుతుంది, అది కొన్ని రోజులపాటు మూత్రంలో కనిపిస్తుంది. చేయించవచ్చు గానీ వద్దన్నారు డాక్టరు గారు. "మీరు పోలీసులైతే వాడు దొంగ అవుతాడు, మాట్లాడటం ఆగిపోతుంది" అన్నారు. నికోటిన్ గమ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది కదా అంటే, ఈ వయసులో మన ఇష్టానికి కొని ఇవ్వకూడదని గట్టిగా చెప్పారు. మెదడు ఎదుగుదల పాతికేళ్ళ దాకా సాగుతుందని, అందుకే పిల్లలకి అలవాటు తొందరగా పడుతుందని వాడికే బొమ్మ గీసి చెప్పారు. కౌన్సెలింగ్‌తోనే ప్రయత్నిద్దాం, కుదరకపోతే అప్పుడు చూద్దాం అన్నారు.

కౌన్సెలర్ దగ్గర సాయంత్రాలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఆగస్టు 9న మొదటిసారి దొరికింది, అదీ తల్లిదండ్రులిద్దరికి మాత్రమే. 1,500 కట్టి మేం కూర్చుని మా ఇంటి సంగతులన్నీ చెప్పాం. వాడి వంతు తర్వాతి వారం. ఓపీ ఖర్చు కాబట్టి ఇన్సూరెన్స్ వర్తించలేదు.

ఈ మధ్యలో ఖర్చు లేకుండా దొరికిన సాయం టోల్‌ఫ్రీ నంబరు. ప్రభుత్వం నడిపే నేషనల్ టొబాకో క్విట్‌లైన్, 1800-11-2356. 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీద కూడా ఈ నంబరు అచ్చు వేస్తున్నారు. వేప్ డబ్బా దొంగసరుకు కాబట్టి దాని మీద నంబరూ లేదు, హెచ్చరిక బొమ్మా లేదు. నేను మొదట సోమవారం చేశాను, ఎవరూ ఎత్తలేదు. సోమవారం వాళ్ళకి సెలవట. మిగతా రోజుల్లో పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటారు. మంగళవారం కాసేపు ఆగాక తెలుగులో మాట్లాడే ఆవిడ దొరికింది. నేను విషయం చెప్పాక "బాబుకివ్వండమ్మా ఫోన్" అంది. వాడు బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుని మాట్లాడాడు. మానేసే రోజు వాడినే ఎంచుకోమందట. ఆగస్టు 15 అన్నాడు. ఆ శుక్రవారం జెండా పండగ, శనివారం కృష్ణాష్టమి, తర్వాత ఆదివారం. మూడు రోజులు స్కూల్ ఉండదు, స్కూల్ బాత్రూమ్ ఉండదు. ఆ ఆలోచన వాడిదే. ఆ రోజు తర్వాత వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుంటూ వచ్చారు.

ఆ మూడు రోజులూ ఇల్లు ఇల్లుగా లేదు. శుక్రవారం సాయంత్రానికే తలనొప్పి. శనివారం చెల్లెలు కృష్ణుడి పాదాలు వేస్తుంటే ముగ్గు తొక్కాడని గొడవ, దాని మీద అరిచి తలుపు విసిరికొట్టాడు. రాత్రి రెండింటికి లేచి ఫ్రిజ్ తెరిచి నిలబడేవాడు. విపరీతంగా ఆకలి. మొదటి మూడు రోజులే గడ్డు, తర్వాత రెండు మూడు వారాల్లో తగ్గుతూ వస్తుందని డాక్టరు గారు ముందే చెప్పడం వల్ల తట్టుకున్నాం. లేకపోతే పొగరు అనుకుని ఇంట్లో పెద్ద యుద్ధమే అయ్యేది. కౌన్సెలర్ చెప్పినట్టు వేయించిన శనగలు, సోంపు చిన్న డబ్బాలో పోసి జేబులో పెట్టుకునేవాడు. కోరిక వచ్చినప్పుడు కొద్ది నిమిషాలు దాటితే అదే పోతుంది, ఆ కాసేపు నోటికీ చేతికీ పని ఉంటే చాలు అన్నారు. వాడికి నిజంగానే అలా పనిచేసింది.

వాడి మనసు తిప్పింది మాత్రం మా అత్తయ్య. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లె. ఆ వైపు పాతతరం ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు ఉండేది, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చేవారు. అత్తయ్య వాళ్ళ అమ్మకీ ఉండేది. ఒక రాత్రి వాడికి నిద్ర పట్టక హాల్లో తిరుగుతుంటే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. "ఒరే నాన్నా, మా అమ్మ ఎవరికీ లొంగిన మనిషి కాదు. ఊళ్ళో పంచాయితీలు తీర్చేది. చుట్టకొక్కదానికే లొంగిపోయింది. అంగిలి కాలి పుండు పడితే అన్నం సహించేది కాదు, అయినా చుట్ట అడిగేది. నా పెళ్ళినాడు మానేస్తానని నా తల మీద చెయ్యేసింది. సాయంత్రానికి పెరట్లో కూర్చుని కాలుస్తుంటే నేనే చూశాను. నన్ను చూసి ఏడ్చిందిరా." వాడు ఏమీ అనలేదు. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. పదో తరగతి పిల్లాడు ఒళ్ళో పడుకుని ఎన్నాళ్ళయిందో. మర్నాడు నాతో అన్నాడు, "తాతమ్మ వద్దనుకున్నా వదల్లేకపోయిందట కదమ్మా. నాకూ రెండో రోజు అలాగే అయింది" అని.

పదిహేనేళ్ళ పిల్లాడికి నలభయ్యో ఏట వచ్చే జబ్బు కళ్ళ ముందు కనపడదు. తన మీద తనకి పట్టు పోయిందన్నది ఇవాళే కనపడుతుంది. మా వాడి విషయంలో పనిచేసింది అదే. ఇంకో ఇంట్లో ఇంకేదైనా కావచ్చు, ఆటలాడే పిల్లలకి ఆయాసం, ఇంకొకరికి డబ్బు.

పాపతో మాట్లాడటం ఆగస్టు నెలాఖరులో, వినాయక చవితి అయ్యాక. ఇద్దరం గోంగూర తుంచుతూ కూర్చున్నాం. దానికేమీ తెలియదనుకున్నవాళ్ళకి చెబుతున్నాను, దానికి చాలా తెలుసు. స్కూల్ బస్సులో పెద్ద క్లాసు అక్క ఒకరి దగ్గర లిప్‌స్టిక్ లాంటిది చూశానని, స్ట్రాబెర్రీ వాసన వచ్చిందని చెప్పింది. అన్నయ్యది కూడా దానికి తెలుసట. "నన్ను ఎవరికీ చెప్పొద్దన్నాడు" అంది. ఆ వయసులో అంత బరువు మోసిందని బాధేసింది. అది అడిగిన ప్రశ్నలు రెండు. "బ్యాన్ చేస్తే మరి ఎలా దొరుకుతుంది?" 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ తెచ్చారని, ఆ ఏడాది చివర్లో చట్టం చేశారని, అమ్ముతూ మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయని, అయినా దొంగతనంగా అమ్మేవాళ్ళు ఉంటారని, వాళ్ళకి డబ్బే కావాలి గానీ నీ ఒళ్ళు కాదని చెప్పాను. రెండోది, "ఒక్కసారి పీలిస్తే చచ్చిపోతామా?" చచ్చిపోవని నిజమే చెప్పాను. ఆ ఒక్కసారి బాగుంటుంది, అందుకే రెండోసారి వస్తుంది, అన్నయ్య కూడా ఒక్కసారే అనుకున్నాడని చెప్పాను. ఎవరైనా ఇస్తే ఏమనాలో ఇద్దరం అనుకున్నాం. "నాకు ఆస్తమా ఉంది" అంటానంది. సరే అన్నాను. వద్దనడానికి ఒక సాకు చేతిలో ఉంటే ఆ వయసులో చాలా ధైర్యం.

దసరా సెలవుల్లో వాడు స్నేహితుడి పుట్టినరోజుకి వెళ్ళి మళ్ళీ పీల్చాడు. మర్నాడు పొద్దున కాఫీ కలుపుతుంటే వంటింట్లోకి వచ్చి తనే చెప్పాడు. మా ఆయన లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు. "ఎప్పుడనిపించింది, పక్కన ఎవరున్నారు, ఎంతసేపు ఆగగలిగావు" అని మాత్రమే అడిగాం. ఇలా జరగడం మామూలేనని, మొదటికొచ్చినట్టు కాదని క్విట్‌లైన్ ఆవిడ ముందే చెప్పి ఉంది. ఆ వారం కౌన్సెలర్ దగ్గరికి అదనంగా ఒకసారి వెళ్ళాం. ఇంట్లో దాచకుండా చెప్పగలిగాడన్నదే నాకు ఎక్కువ విలువ.

అమ్మిన దుకాణం సంగతి నవంబరులో తేలింది. ఇంకో తల్లీ నేనూ కలిసి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. పిల్లల పేర్లు బయటికి రావని మాట తీసుకున్నాకే చెప్పాం. ఈ చట్టం కింద ఎస్సై స్థాయి అధికారి సోదా చేయొచ్చు. చేశారు, సరుకు దొరికింది. మా పిల్లల్ని ఎవరూ పిలవలేదు. ఫిర్యాదు ఇస్తే పిల్లాడి చదువు పాడవుతుందని భయపడుతున్న తల్లిదండ్రులకి ఇది తెలియాలి.

ఇప్పటిదాకా డాక్టరు, పరీక్ష, కౌన్సెలింగ్ అన్నీ కలిపి పన్నెండు వేలు దాటింది. ఇప్పుడు జనవరి. దసరా తర్వాత మళ్ళీ ముట్టుకోలేదని చెబుతున్నాడు, నేను నమ్ముతున్నాను. మార్చిలో బోర్డు పరీక్షలు. ఒత్తిడి పెరిగే ఆ నెల కోసం ఫిబ్రవరి చివర్లో కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసి పెట్టుకున్నాం. ఆరో తరగతి నుంచి అన్ని క్లాసుల తల్లిదండ్రులకీ ఒక మీటింగ్ పెడతామని స్కూల్ వాళ్ళు ఒప్పుకున్నారు. నన్ను మాట్లాడమన్నారు. మా వాడిని అడిగితే, "నా పేరు చెప్పకు, బ్రష్ సంగతి మాత్రం చెప్పు. వాళ్ళ పిల్లల్ని అదే అడగమను" అన్నాడు.